ఆ రాళ్లని కడగొద్దండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న మన పేపర్లో పొలంలో దొరికిన రాతి గొడ్డలి ఫొటో వేశారు, శుభ్రంగా కడిగి తళతళలాడిస్తా పట్టుకున్నారు, చూడగానే మనసు చివుక్కుమంది, ఎందుకంటే ముప్పై ఏళ్ల కిందట నేనూ అదే పని చేశా. పిల్లలు కాలవ గట్టున దొరికిందని తెచ్చిన పాత నూరుడు రాయిని స్కూల్ కుళాయి కింద పెట్టి బ్రష్షుతో రుద్ది రుద్ది కడిగించా. ఏం పోగొట్టానో చాలా ఏళ్ల తర్వాత చదివితేగానీ తెలీలేదు.

మనిళ్లలో సన్నికల్లు చూడండి, పండుమిరపకాయలు నూరాక ఎంత కడిగినా ఆ గంట్లలో కారం పోదు, మర్నాడు కొబ్బరి పచ్చడి నూరితే నాలిక్కి తగుల్తానే ఉంటది. వేల ఏళ్ల నాటి రాయీ అంతే, అప్పటి మనుషులు నూరిన గింజల పిండి, దుంపల పిండి రేణువులు దాని సందుల్లో ఇరుక్కుని ఉంటాయి. చాలావరకు మిల్లీమీటర్లో ఇరవయ్యో వంతు కూడా ఉండవు. పోలరైజ్డ్ లైటు (ఒకే దిశలో కంపించే వెలుతురు) వాడే మైక్రోస్కోపులో పెడితే ఒక్కోదాని మీద నల్లగా కూడిక గుర్తు లాంటిది కనపడుద్ది, బాగా ఉడికిన పిండైతే ఆ గుర్తు చెదిరిపోద్ది. బియ్యానివి బుల్లిగా కోణాలతో ఉంటాయి, బంగాళదుంపవి పెద్దగా కోడిగుడ్డులా ఉంటాయి, అలా ఏ మొక్కో పట్టుకుంటారు.

మొజాంబిక్‌లో ఒక గుహలో లక్ష ఏళ్ల నాటి రాతి పనిముట్ల మీద జొన్న జాతి గింజల పిండి ఉందని 2009లో బయటపెట్టారు. వ్యవసాయం ఇంకా పుట్టనే లేదు అప్పటికి! హర్యానాలో ఫర్మానా దగ్గర హరప్పా కాలం వాళ్ల దంతాల మీద, వంట కుండల్లో పసుపు, అల్లం జాడలు దొరికాయి.

మరి మన సంగతి? నాగార్జునకొండలో 1954-60 తవ్వకాల్లో కొత్త రాతియుగం పనిముట్లు బయటపడ్డాయి. దక్షిణాదిలో ఆ కాలం వాళ్లు ఉలవలు, పెసలు తిన్నారని మాడిపోయిన గింజల్ని బట్టి తెలుసు. కానీ మాడని దుంపలూ ఆకులూ మిగలవు కదా, వాటి సంగతి చెప్పాల్సింది ఆ రాళ్లే.

అందుకని ఎవరికైనా అలాంటి రాయి కనపడితే తీయకుండా అక్కడే ఉంచి పురావస్తు శాఖ వాళ్లకి కబురు చెయ్యండి. ఆల్రెడీ తీసేసుంటే కడక్కుండా, అంటుకున్న మట్టితోనే కొత్త కవర్లో పెట్టండి, చుట్టుపక్కల మట్టి గుప్పెడు వేరే కవర్లో తీయండి, ఆ పిండి రాయిదా మట్టిదా తేల్చడానికి అది కావాలి. వంటింట్లో మాత్రం పెట్టొద్దు, మన బియ్యప్పిండి అంటుకుంటే ఇక లెక్క తప్పుద్ది. పౌడర్ గ్లౌజులు కూడా వద్దు, ఆ పౌడర్ ఎక్కువగా మొక్కజొన్న పిండే.

ఈసారి ఇలాంటి ఫొటో వేసినప్పుడు కింద "కడగొద్దు" అని ఒక్క ముక్క వెయ్యండి సార్.

రిటైర్డ్ సైన్స్ టీచర్,
బ్రాడీపేట, గుంటూరు