పడవ పందేలకి ఇచ్చిన ఇరవై వేలు: మన కాలనీ సంక్షేమ సంఘం 2024-25 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

ఎప్పటిలా బోరుతోనూ వీధిదీపాలతోనూ మొదలుపెట్టడం లేదు. ఆ లెక్కలు ఆడిటయ్యాయి. కాగితాలు ఆఫీసు గది గోడకి అంటించాం, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. ఈ ఏడాది నన్ను దారిలో ఆపినవాళ్ళలో సగంమంది అడిగింది ఒకటే: "ఆ పడవల పిల్లకిచ్చిన ఇరవై వేలు ఏమయ్యాయండీ?" ముందు ఆ సంగతి చెప్పేస్తాను.

మూడో వీధి మలుపులో ఇస్త్రీ బండి నడిపే దంపతుల అమ్మాయి తను. తొమ్మిదో తరగతి. రెండేళ్ళ కిందట స్కూలు స్నేహితులతో కలిసి హుస్సేన్ సాగర్ మీద ఉచిత తెరచాప శిక్షణకి వెళ్ళి, అక్కడే ఉండిపోయింది. పోటీలకి వెళ్ళాలంటే ప్రయాణం, ఎంట్రీ ఫీజు, సొంత లైఫ్ జాకెట్ కావాలని 2024 మార్చిలో మనకి అర్జీ పెట్టుకుంది. పుస్తకాలకి ఇచ్చే విద్యానిధిని పడవ షికార్లకి ఎలా ఇస్తారని సమావేశంలో గట్టిగానే గొడవ జరిగింది. పడవ పందేలంటే కేరళ వాళ్ళవి కదా, మనకెందుకని ఒక పెద్దాయన అడిగారు. ఆ రోజు నాకూ సమాధానం తెలియదు. చేతులెత్తమంటే రెండు చేతుల తేడాతో తీర్మానం గట్టెక్కింది.

ఇప్పుడు తెలిసింది చెబుతాను. ఇందులో తెడ్డు ఉండదు, మోటారు ఉండదు, గాలి ఒక్కటే. తను నడిపే పడవ పేరు ఆప్టిమిస్ట్. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అనే ఆయన పిల్లల కోసమే గీసిన నమూనా అది. పొడవు ఎనిమిది అడుగులు కూడా ఉండదు. బరువు 35 కిలోలు, అంటే మనం నెలనెలా మోసుకొచ్చే పాతిక కిలోల బియ్యం బస్తా కంటే పది కిలోలు ఎక్కువ. అందులో ఒక్కరే కూర్చోవాలి. ఒక చేత్తో చుక్కాని, ఇంకో చేత్తో తెరచాప తాడు. గాలి ఎటు నుంచి వస్తోందో అటు తిన్నగా పోవడం ఏ తెరచాప పడవకీ కుదరదు. ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి ఐమూలగా కోసుకుంటూ పోవాలి. ఎటు ఎంతసేపు పోవాలన్న లెక్కలోనే సగం పందెం ఉంటుంది.

ఏప్రిల్, మే నెలలు సాధనతో గడిచాయి. హుస్సేన్ సాగర్‌లో ఎండాకాలం గాలి సరిగ్గా ఆడదు. పడవలో కూర్చుని గాలి కోసం చూడటమే పనైన రోజులున్నాయి. పిల్ల మాడి నల్లబడిపోయిందని వాళ్ళమ్మ దిగులు. ఒకరోజు తెరచాప ముడతలు పడి ఉందని ఆవిడ ఇస్త్రీ పెట్టె వేడిచేసి సిద్ధమైంది. అమ్మాయి పరిగెత్తుకొచ్చి ఆపింది కాబట్టి సరిపోయింది. ఆ గుడ్డకి వేడి తగలకూడదట, మడతపెట్టనూ కూడదట, చాపలా చుట్టాలట. "ఇరవయ్యేళ్ళ నుంచి ఇస్త్రీ చేస్తున్నా, నన్ను ముట్టుకోవద్దన్న గుడ్డ ఇదొక్కటే" అని ఆవిడ ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

వానగాలులు మొదలయ్యాక మొదటి పోటీ మైసూరు దగ్గర, కృష్ణరాజసాగర్‌లో. కాచిగూడలో రైలెక్కి తండ్రీకూతుళ్ళు వెళ్ళారు. 1908 మూసీ వరద తర్వాత మన హైదరాబాద్‌కి ప్రణాళిక గీసిచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి ఆధ్వర్యంలో కట్టిన ఆనకట్టే అది. ఆ నీళ్ళ ముందు మన హుస్సేన్ సాగర్ కుంటలా ఉంటుందని తండ్రి ఫోన్‌లో చెప్పారు. గాలి అడ్డూ ఆపూ లేకుండా వస్తుంది, అలలు లేస్తాయి. అమ్మాయి పడవ రెండుసార్లు బోల్తా పడింది. ఆప్టిమిస్ట్‌ని నిలబెట్టగానే సరిపోదు, లోపల నిండిన నీళ్ళు తోడాలి. అందుకని పిల్లలు ప్లాస్టిక్ డబ్బా అడుగు కోసి పడవకి కట్టుకుంటారు. రెండోసారి బోల్తా పడినప్పుడు ఆ డబ్బా తెగి కొట్టుకుపోయింది.

ఖర్చుల లెక్కతోపాటు తన నోటుపుస్తకం కూడా నాకు చూపించింది. ఆ రోజు పేజీలో ఉన్నది ఇంతే: "గాలి ఎక్కువ. నా బరువు తక్కువ. డబ్బా పోయింది. ముడి తప్పు వేశాను. రేపటి నుంచి రెండు డబ్బాలు." మన ఖాతాలో "డబ్బాలు 2, రూ. 120, బిల్లు లేదు" అని కనిపించేది అదే. ఆడిటర్‌గారు దాన్ని చుట్టి ప్రశ్నార్థకం పెట్టారు. జవాబు ఆ పేజీయే.

పతకం ఏదని అడిగేవాళ్ళకి ఇక్కడే లెక్క చెప్పాలి. ఈ ఆటలో మార్కులు తలకిందులు. మొదట వస్తే ఒక పాయింటు, రెండో స్థానానికి రెండు. అన్ని పందేలు కలిపి ఎవరికి తక్కువుంటే వాళ్ళే విజేత. పందెం పూర్తి చేయనివాళ్ళకి, పోటీలో ఉన్న పడవల సంఖ్యకి ఒకటి కలిపి పాయింట్లు వేస్తారు. పందేలు చాలినన్ని జరిగితే ఒక చెత్త పందెం లెక్క తీసేస్తారు. మైసూరులో తను పూర్తి చేయనివి రెండు, తీసేసింది ఒకటి. పట్టికలో చివరి అయిదుగురిలో మిగిలింది.

జూలైలో హుస్సేన్ సాగర్ పోటీకి నేనూ కోశాధికారీ వెళ్ళాం. సంజీవయ్య పార్కు వైపు ఒడ్డున వాళ్ళమ్మతో నిలబడ్డాం. అన్నీ తెల్ల తెరచాపలే. ఇండియాకి గుర్తుగా ఐఎన్‌డి అని రాసి కింద నంబరు ఉంటుందిగానీ, అంత దూరం నుంచి ఏం కనబడుతుంది? మొదలుపెట్టడానికి అయిదు నిమిషాల ముందు హారన్, తర్వాత నాలుగు నిమిషాలు ఉందనగా, ఒక నిమిషం ఉందనగా మళ్ళీ. ఆ కాసేపూ పడవలన్నీ గీత వెనక సంతలో మేకల్లా తిరుగుతుంటాయి. గీత ముందే దాటితే వెనక్కొచ్చి మళ్ళీ బయల్దేరాలి. నాకు బీపీ పెరిగింది.

మూడో పందెంలో అందరూ కుడివైపు పోతుంటే ఒక్క పడవ ఎడమకి పోయింది. "అది మనదే, ఎవరి మాటా వినదు" అంది వాళ్ళమ్మ. నగరం మధ్యలో చెరువు కదా, భవనాల మీదుగా వచ్చే గాలి దిక్కు మారుస్తూ ఉంటుంది. ఆ పూట ఎడమవైపుకి మారింది. పడవలు చుట్టి తిరగాల్సిన గుర్తుగా నీళ్ళలో తేలే మొదటి బోయా దగ్గర చూస్తే తను మూడోది. ఆ తర్వాత ఉన్నట్టుండి పడవ నెమ్మదించింది. ఇద్దరు దాటిపోయారు, ఇంకో ఇద్దరు. పడవ నడుమ నీళ్ళలోకి దిగి ఉండే బల్లకి ప్లాస్టిక్ కవరు చుట్టుకుందని ఒడ్డుకొచ్చాకే తెలిసింది. బల్ల పైకి లాగి కవరు విడదీసి మళ్ళీ దించేసరికి ఎనిమిదో స్థానం. ఆ కవరు తెచ్చి మా ముందు పెట్టి, "అంకుల్, మన నాలా ఈ చెరువులోకే వస్తుంది కదా?" అంది. మేం నవ్వాం. వాళ్ళమ్మ నవ్వలేదు.

మొత్తం మీద అమ్మాయిల్లో ఆరో స్థానం. పతకం లేదు.

2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఐఎల్‌సీఏ 4 అనే పడవలో రజతం గెలిచిన నేహా ఠాకూర్ మధ్యప్రదేశ్ రైతుబిడ్డ. అవే క్రీడల్లో పాల్గొన్న ప్రీతి కొంగర మన హుస్సేన్ సాగర్‌లో నేర్చుకున్న అమ్మాయి. మన పిల్ల కూడా అంతవుతుందని నేను రాసివ్వలేను. పదిహేను దాటితే ఆప్టిమిస్ట్ పోటీలకి వయసు చెల్లదు. వచ్చే ఏడాదే తనకి ఆఖరుది, ఆ తర్వాత ఐఎల్‌సీఏ 4కి మారాలి. అది పద్నాలుగు అడుగుల పడవ, ఖర్చూ పెరుగుతుంది. మళ్ళీ సాయం చేయాలా వద్దా అన్నది రాబోయే సర్వసభ్య సమావేశంలో మీరే తేల్చాలి. నా ఓటు ఎటో దాచను, చేయాలనే అంటాను.

మిగతావి క్లుప్తంగా. కవరు సంగతి తర్వాత వినాయక చవితికి చిన్న మట్టి విగ్రహం పెట్టి, కాలనీలోనే డ్రమ్ములో నిమజ్జనం చేశాం. యువకులు అలిగారు, డీజే లేదని కూడా. బోరు మోటారు రెండుసార్లు కాలింది. గ్రంథాలయం ఫ్యాను ఇంకా బాగవలేదు, తప్పు నాదే.

ఇచ్చింది 20,000, ఖర్చు 18,460, తిరిగి జమైంది 1,540. లైఫ్ జాకెట్ సంఘం ఆస్తి. అమ్మాయికి అప్పుడే బిగుతైపోయి ఆఫీసు గదిలో మేకుకి వేలాడుతోంది. వాచ్‌మన్ కొడుకు రోజూ సాయంత్రం వచ్చి వేసుకుని చూసుకుంటున్నాడు. వాడికింకా మోకాళ్ళ దాకా వస్తోంది.

ఇట్లు,
కార్యదర్శి