సమ ఉజ్జీ కోసం

ఒరేయ్ మావా,

నీ ఉత్తరం అందింది. "ఆన్‌లైన్ గేములో వంద మ్యాచులాడినా సగమే గెలుస్తున్నా, ఇక పాయింట్లు లెక్కగట్టే ర్యాంక్‌డ్ వదిలేసి, సరదాగా క్యాజువల్ ఆడుకుంటా" అన్నావు చూడు, ముందు దానికే జవాబు రాస్తా. సగం గెలుస్తున్నావంటే మ్యాచ్‌మేకింగ్ తన పని సరిగ్గా చేస్తున్నట్టేరా. నీకు సమ ఉజ్జీని వెతికిపెట్టడమే దాని పని. ఉజ్జీ కుదిరాక గెలుపూ ఓటమీ చెరి సగం కాక ఇంకేమవుతాయి?

ఆటగాడి బలాన్ని ఒక అంకెలో, అంటే రేటింగ్‌లో, చూపించే ఈ లెక్క చదరంగం నుంచి వచ్చింది. ఆర్పాడ్ ఎలో అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ తయారుచేస్తే అమెరికా చెస్ ఫెడరేషన్ 1960లో, ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే 1970లో దాన్ని తీసుకున్నాయి. ఆటకి ముందే ఎవరికెంత అవకాశముందో అది అంచనా కడుతుంది. రేటింగులు సమానమైతే చెరి 50 శాతం. 200 పాయింట్ల తేడా ఉంటే పైవాడికి దాదాపు 76 శాతం, 400 అయితే 91. వచ్చిన ఫలితంలోంచి (గెలుపుకి 1, ఓటమికి 0) ఈ అంచనా తీసేసి, మిగిలినదాన్ని ఒక స్థిరమైన అంకెతో హెచ్చిస్తారు. ఆ అంకె 20 అనుకో. సమానుణ్ణి ఓడిస్తే 10 పాయింట్లు, నీకంటే 200 పైనున్నవాణ్ణి ఓడిస్తే 15, 200 కిందున్నవాణ్ణి ఓడిస్తే 5 కూడా రావు. బలహీనుల్ని చితక్కొట్టి ఎదగడం ఇక్కడ కుదరదు. ర్యాంక్‌డ్ మీద నాకున్న గౌరవమంతా ఈ ఒక్క గుణం వల్లే.

అయితే ఎలో లెక్కలో ఒక లోటుంది. నిన్న చేరినవాడి 1500కీ, వెయ్యి ఆటలాడినవాడి 1500కీ అది తేడా చూపించదు. 1995లో మార్క్ గ్లిక్‌మన్ తెచ్చిన గ్లికో పద్ధతి రేటింగ్ పక్కన 'ఈ అంకె ఎంత అటూఇటూ కావచ్చు' అని ఇంకో అంకె పెట్టింది. కొత్తవాడికి అది 350. ఆడేకొద్దీ తగ్గుతుంది, ఆట మానేస్తే మళ్ళీ పెరుగుతుంది. మొదట్లో నీ స్థాయి తేల్చే ప్లేస్‌మెంట్ మ్యాచుల్లో రేటింగ్ అంతలా ఊగేది అందుకే. డోటా 2 అనే టీమ్ గేము కూడా 2023లో గ్లికోకే మారింది.

నిన్ను బాగా తికమకపెట్టేది బ్యాడ్జీ అనుకుంటా. చాలా ఆటల్లో పైకి బ్యాడ్జీగా కనిపించే ర్యాంక్ వేరు, లోపల దాచిపెట్టిన ఎమ్మెమ్మార్ (మ్యాచ్‌మేకింగ్ రేటింగ్) వేరు. నీ జోడీని వెతికేది ముఖ్యంగా ఆ లోపలిదాన్ని బట్టే. గెలిస్తే 15, ఓడితే 22 పోతున్నాయంటే సాధారణంగా నీ బ్యాడ్జీ లోపలి లెక్కకంటే పైన ఉన్నట్టు. అదే గెలిస్తే ఎక్కువొచ్చి ఓడితే తక్కువ పోతుంటే, ఇంకా ఎక్కే చోటుంది.

టీమ్ మేట్స్ ముంచుతున్నారన్నావు. ఐదుగురి ఆటలో నీ పక్క పేలవంగా ఆడేవాడు రావడానికి నాలుగు చోట్లుంటే, అవతలి పక్క ఐదున్నాయి. నువ్వు నిలకడగా ఆడితే, వందల మ్యాచుల మీద లెక్క నీవైపే మొగ్గుతుంది. కానీ వందల మీదే, గుర్తుపెట్టుకో. సగం గెలిచే సత్తా ఉన్నవాడికి 20 మ్యాచుల్లో 7 గెలుపులు వచ్చినా, 13 వచ్చినా అది ఉత్త అదృష్టమే కావచ్చు. అదే 55 శాతం గెలిచేవాడు, మ్యాచ్‌కి 20 పాయింట్ల చొప్పున, 100 మ్యాచులకి 200 పైకెళ్తాడు. ఎక్కడం నెమ్మదే మరి.

ఈ మ్యాచ్‌మేకింగ్ పాడయ్యే సందర్భాలు లేవనను. అర్ధరాత్రి దాటాక మ్యాచ్ కోసం ఎదురుచూసే క్యూలో జనం పలచబడతారు. పది మందిని పోగుచెయ్యాలంటే రేటింగ్ హద్దులు సడలించక తప్పదు, నీకు పొంతనలేని మ్యాచ్ పడుతుంది. కాబట్టి జనం ఎక్కువుండే సాయంత్రాలే ఆడు. నీకంటే చాలా పైనున్న స్నేహితుడితో పార్టీ కట్టి కలిసి ఆడినా ఇదే తంటా, అవతల అతని స్థాయివాళ్ళు దిగుతారు. స్మర్ఫులు, అంటే కొత్త అకౌంట్లతో కిందికి దిగే గట్టివాళ్ళు, నిజంగానే పాపం చేస్తున్నారు, రిపోర్ట్ కొట్టు. గ్లికోలాంటి పద్ధతి వాళ్ళని త్వరగానే పైకి తోసేస్తుంది, అది కొంత ఊరట.

క్యాజువల్‌ని వద్దనడంలేదు. కొత్త క్యారెక్టర్ని అక్కడే సాధన చెయ్యి. ర్యాంక్‌డ్‌కి టీమ్‌లో ఒక రోల్, రెండు క్యారెక్టర్లు చాలు. వరసగా రెండు ఓడితే ఆ పూటకి ఆపెయ్, కోపంలో మూడోదానికి క్యూ కొట్టకు. ఓడిన ఆట రీప్లేలో నీ మొదటి మూడు చావులు మాత్రం చూడు. చచ్చేముందు పది సెకన్లలో మ్యాప్ మీద ఏం కనిపించిందో, నువ్వేం పట్టించుకోలేదో రాసుకో. సమ ఉజ్జీతో ఓడిన ఆటలోనే ఈ తప్పులు తేటగా కనిపిస్తాయి. మరీ గట్టివాడి చేతిలో అన్నీ తప్పుల్లాగే ఉంటాయి, మరీ బలహీనుడి ముందు ఏ తప్పుకీ శిక్ష పడదు.

ఈసారి రాసేటప్పుడు చివరి 20 మ్యాచుల్లో గెలిచినప్పుడు ఎన్ని వచ్చాయో, ఓడినప్పుడు ఎన్ని పోయాయో రాసి పంపు. నీ లోపలి రేటింగ్ బ్యాడ్జీకి పైనుందో కిందుందో చూసి చెబుతా.

ఉంటానురా.