మానని పుండు గురించి మగవాడు ఎవరికి చెప్పుకోవాలి?

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నల్లగొండ జిల్లా పల్లెల్లో హెల్త్ సూపర్‌వైజర్‌గా పనిచేసి రిటైరైనవాణ్ని. ఇంటింటి సర్వేలో మా వాళ్లు నింపే బీపీ, షుగర్, క్యాన్సర్ ఫారం ఒక్కసారి తెప్పించుకుని చూడమని మనవి. రెండు వారాలైనా మానని పుండు నోట్లో ఉందా అని అందరినీ అడుగుతారు. ఆడవాళ్లకు విడిగా ఇంకొన్ని ప్రశ్నలున్నాయి: రొమ్ములో గడ్డ ఉందా, నెలసరి కాని రోజుల్లో రక్తం కనబడుతోందా అని. చాలా మంచి ప్రశ్నలు. మగవాళ్లకు మాత్రం విడిగా ఒక్కటీ లేదు. ఉన్నా జవాబు రాకపోయేదేమో. ఫారం పట్టుకుని వచ్చేది ఆశా వర్కర్, వరసకు వదినో కోడలో అవుతుంది. అరుగు మీద నలుగురు కూర్చుని ఉండగా, మర్మాంగం మీద పుండు ఉందని ఆమెతో ఏ మగవాడు చెబుతాడు?

నేను రాస్తున్నది పురుషాంగానికి వచ్చే క్యాన్సర్ గురించి. యూరప్, అమెరికాల్లో ఇది ఏడాదికి లక్షమంది మగవాళ్లలో సుమారు ఒకరికే వస్తుంది. మన దగ్గర మరీ అంత అరుదేం కాదు. 2020లో ప్రపంచం మొత్తం మీద సుమారు 36 వేల మందికి ఈ జబ్బు కొత్తగా వచ్చిందని గ్లోబోకాన్ అనే అంతర్జాతీయ క్యాన్సర్ లెక్కల అంచనా. అందులో పదివేల పైచిలుకు మన దేశంలోనే. అయినా దీని మీద ఒక్క పోస్టర్ కూడా ఏ పీహెచ్‌సీ గోడ మీదా నేను చూడలేదు. బస్టాండు మూత్రశాలల గోడలకు మాత్రం ‘గుప్తరోగాలకు గ్యారంటీ వైద్యం’ కాగితాలు ఫోన్ నంబర్లతో సహా దొరుకుతాయి.

నాకు తెలిసిన ఒక రైతు కథ చెబుతాను. ముందుచర్మం కింద చిన్న పుండు లేచింది. మెడికల్ షాపులో ఆయింట్‌మెంట్ ట్యూబు అడిగి తెచ్చుకున్నాడు. తగ్గలేదు. ఆర్ఎంపీ చూడకుండానే సూది వేశాడు. సుఖవ్యాధి అంటారేమోనన్న భయంతో ఇంట్లో చెప్పలేదు. వాసన తెలియకుండా పసుపు అద్దిన గుడ్డ పెట్టుకుని, పూటకో లుంగీ మార్చి, తన బట్టలు తానే బావి దగ్గర ఉతుక్కునేవాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఎన్నడూ బట్ట ఉతకనివాడు ఉతుకుతుంటే భార్యకు అనుమానం వచ్చింది. ఆమె పట్టుబట్టి పెద్దాసుపత్రికి తీసుకుపోయేసరికి గజ్జల్లో బిళ్లలు నిమ్మకాయంత అయ్యాయి.

ఈ జబ్బులో ప్రాణం నిలబడేదీ పోయేదీ ఆ గజ్జల దగ్గరే. క్యాన్సర్ అక్కడి గ్రంథులకు (బిళ్లలకు) పాకకముందు దొరికితే పదిమందిలో ఎనిమిది తొమ్మిది మంది ఐదేళ్లు దాటి బతుకుతున్నారు. పొత్తికడుపు గ్రంథులకు పాకితే ఆ అవకాశం బాగా పడిపోతుంది. చికిత్స తీరు కూడా దాన్ని బట్టే మారుతుంది. ముందుచర్మం మీదే ఉంటే సున్తీ ఆపరేషన్‌తో సరిపోవచ్చు. కొన దగ్గర ఉంటే ఆ మేరకే తీసేస్తారు. తర్వాత నిలబడి మూత్రం పోసుకోవచ్చు, చాలామందికి కాపురానికీ ఇబ్బంది ఉండదు. ఆలస్యమైతే అంగం మొత్తం తీసేసి వృషణాల వెనక మూత్రదారి పెట్టాల్సి వస్తుంది. గజ్జల గ్రంథులు తీసే ఆపరేషన్ ఇంకా కష్టం. కుట్లు మానడానికి చాలా రోజులు పడుతుంది, కాళ్లు నీరు పట్టి ఉబ్బిపోతాయి. ‘ఆసుపత్రికి పోతే కోసేస్తారు’ అన్న భయంతోనే మనవాళ్లు ఆగిపోతున్నారు. ఆ ఆగడం వల్లే కోయాల్సింది పెరుగుతోందని వాళ్లకు చెప్పేవాళ్లు లేరు.

ఎందుకొస్తుందో వైద్యులకు చాలావరకు తెలుసు. ముందుచర్మం వెనక్కి రాకుండా బిగుసుకుపోవడం, లోపల మురికి చేరి ఏళ్ల తరబడి వాపు ఉండటం, హెచ్‌పీవీ వైరస్, బీడీ, సిగరెట్. (చిన్నపిల్లలకు చర్మం వెనక్కి రాకపోవడం మామూలే. తల్లిదండ్రులు టెన్షన్ పడి బలవంతంగా లాగొద్దు.) సుమారు సగం కేసుల్లో హెచ్‌పీవీ కనబడుతుంది. ఆడవాళ్లకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చేదీ ఇదే వైరస్. అది ఒంట్లో ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా ఉండగలదు కాబట్టి, కనబడినంత మాత్రాన మొగుడో పెళ్లామో తప్పు చేశారని అర్థం కాదు. కౌన్సెలర్లు ఈ మాట చెప్పకపోతే జబ్బుకు ముందే సంసారం కూలుతుంది. ఆస్ట్రేలియా 2013 నుంచి, బ్రిటన్ 2019 నుంచి మగపిల్లలకు కూడా హెచ్‌పీవీ రాకుండా కాపాడే టీకా వేస్తున్నాయి. మన దగ్గర ముందు ఆడపిల్లలందరికీ అందాలి, దానికి నేను అడ్డు చెప్పను. తర్వాతి వరసలో మగపిల్లలు ఉన్నారన్నది మాత్రం శాఖ రాసి పెట్టుకోవాలి.

రాష్ట్రంలోని మగవాళ్లందరికీ పరీక్షలు చేయమని అడగడం లేదు, ఆ ఖర్చుకు ఫలితం ఉండదు. నేను అడిగేది అంతకంటే చాలా చిన్నది.

షుగర్ ఉన్నవాళ్లలో ముందుచర్మం మాటిమాటికీ వాచి, పగిలి బిగుసుకుపోతుంది. వాళ్లు మందుల కోసం నెలనెలా మన ఎన్‌సీడీ క్లినిక్‌కు (బీపీ, షుగర్ లాంటి జబ్బులు చూసేచోటికి) వస్తూనే ఉన్నారు. అక్కడ మగ స్టాఫ్ ఒకరు కర్టెన్ వెనక ‘చర్మం వెనక్కి వస్తోందా’ అని ఒక్క ప్రశ్న అడిగితే సగం పని అయిపోతుంది. బిగుసుకుపోయినవాళ్లకు ఏరియా ఆసుపత్రిలోనే సున్తీ చేయొచ్చు. కాకపోతే తీసిన చర్మాన్ని బకెట్లో పడేయకుండా క్యాన్సర్ ఉందేమో చూడటానికి పాథాలజీ ల్యాబ్‌కు పంపాలి.

సుఖవ్యాధుల క్లినిక్‌లో పుండుతో వచ్చినవాడికి మందుల కిట్ ఇస్తారు. ఇవ్వాల్సిందే, ఎక్కువ పుండ్లు దానితోనే మానతాయి. కానీ కిట్ వాడినా రెండు మూడు వారాల్లో మానకపోతే రెండో కిట్ ఇవ్వకూడదు, నేరుగా బయాప్సీకి (చిన్న ముక్క తీసి చేసే పరీక్షకు) పంపాలి. ఇది మీరు ఒక్క సర్క్యులర్‌తో చేయగల పని. ఆర్ఎంపీలకు, మెడికల్ షాపు వాళ్లకు కూడా ఇదే మాట చేరాలి. మనకు నచ్చినా నచ్చకపోయినా పల్లెలో మగవాడు మొదట వెళ్లేది వాళ్ల దగ్గరికే.

బయాప్సీలో క్యాన్సర్ అని తేలినవాళ్లు తలా ఒక చోట ఆపరేషన్ చేయించుకోవడం కూడా మంచిది కాదు. ఇంగ్లండులో 2002 నుంచే ఈ జబ్బును కనీసం 40 లక్షల జనాభాకు ఒక ప్రత్యేక బృందం చూడాలన్న నియమం పెట్టుకున్నారు. ఎప్పుడో ఒక కేసు చూసే సర్జన్ గజ్జల గ్రంథుల సంగతి వదిలేసే ప్రమాదం ఉంది. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో వారానికి ఒక రోజు ఈ రోగులకు కేటాయించి, జిల్లాల నుంచి అక్కడికే పంపే ఏర్పాటు చేయండి. ఆపరేషన్ తర్వాత రెండేళ్లపాటు మూడు నెలలకోసారి గజ్జలు చూడాలి. ఫోన్ చేసి పిలిచే మనిషి లేకపోతే రోగి పొలం పనుల్లో పడి రాడు.

ఇక ఫారం సంగతి. మగవాళ్ల కోసం ఒక్క గడి పెంచండి: ‘మర్మాంగం మీద రెండు వారాలైనా మానని పుండు, గడ్డ, రక్తం, చెడు వాసన ఉన్నాయా? ముందుచర్మం వెనక్కి రావడం లేదా?’ ఆ గడి నింపే పని ఆశాకు కాకుండా మేల్ హెల్త్ అసిస్టెంట్‌కు అప్పగించండి. ఆ పోస్టులు ఖాళీగా ఉన్న సబ్‌సెంటర్లలో ముందు వాటిని నింపండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హెల్త్ సూపర్‌వైజర్,
నల్లగొండ జిల్లా