కిడ్నీ మార్పిడి తర్వాత మాత్రల సంగతి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఉద్దానం కిడ్నీ జబ్బుల గురించి మీ పేపర్లో ఏళ్లుగా వార్తలు వస్తున్నాయి. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు పేర్లు రాష్ట్రమంతా తెలిసింది అలాంటి వార్తల వల్లే. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మొదలైనప్పుడూ వివరంగా రాశారు. తాగునీటి మీద, డయాలసిస్ మీద రాస్తూనే ఉన్నారు. రాయాల్సిందే. కిడ్నీ మార్పిడి దగ్గరకొచ్చేసరికి మాత్రం ఆపరేషన్ బాగా జరిగింది, తల్లీ కొడుకులు క్షేమం అన్న రోజుతో వార్త అయిపోతోంది. నేను అంగన్‌వాడీ కార్యకర్తని. నా ఎడమ కిడ్నీ మా పెద్దబ్బాయికి ఇచ్చాను. వార్త అయిపోయిన చోట మా ఇంట్లో అసలు పని మొదలైంది. దాని గురించే ఈ ఉత్తరం.

మా ఊళ్లో అందరూ అడిగే మాట ఒకటుంది. "కన్నతల్లి కిడ్నీయే కదా, వాడి ఒంటికి ఎందుకు పడదు? ఇంకా ఈ మాత్రలెందుకు?" అని. బిడ్డకి తల్లి నుంచి వచ్చేది సగం, తండ్రి నుంచి వచ్చేది సగం. ఆ లెక్కన నా కిడ్నీలో సగం వాడి ఒంటికి పరాయిదే. 1954లో బోస్టన్‌లో డాక్టర్ జోసెఫ్ ముర్రే చేసిన మొదటి మార్పిడి నిలబడిందంటే, ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ అచ్చంగా ఒకేలా ఉండే కవలలు కాబట్టి. మిగతా అందరికీ ఒంట్లోని రక్షణ శక్తిని కొంత అణచిపెట్టాలి. కిడ్నీ పనిచేసినన్నాళ్లూ అణచిపెట్టే ఉంచాలి. అణచడం మరీ తగ్గితే ఒళ్లు కిడ్నీ మీద పడుతుంది, మరీ ఎక్కువ అణిచేస్తే ప్రతి జబ్బూ మనిషి మీద పడుతుంది.

అలా అణచిపెట్టడానికే మా వాడు టాక్రోలిమస్, మైకోఫెనొలేట్, ప్రెడ్నిసోలోన్ అనే మందులు వాడతాడు. మొదటిది ఉదయం ఎనిమిదికి, రాత్రి ఎనిమిదికి. అది రక్తంలో ఎంత ఉందో చూడాలంటే రాత్రి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకి, ఉదయం మాత్ర వేసుకోకముందు రక్తం ఇవ్వాలి. వేసుకున్నాక ఇస్తే ఆ లెక్కకి అర్థం లేదు. అందుకని ఇక్కడ రాత్రి రైలెక్కి విశాఖ వెళ్తాం. అటు రెండొందల కిలోమీటర్ల పైమాటే. రైలు ఆలస్యమైనా, ల్యాబ్ ముందు వరుస కదలకపోయినా వాడు మాత్ర వేసుకోడు. కాగితంలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకుని, రక్తం తీశాక దూది అదిమి పట్టుకున్న చేత్తోనే నీళ్ల సీసా అందుకుంటాడు. ఆ గంటా గంటన్నరా నాకు ఆపరేషన్ రోజు కూడా పడనంత టెన్షన్.

ఒకసారి వాడికి దగ్గు, జ్వరం వచ్చింది. నేను సెంటర్లో ఉన్నాను. దగ్గర్లో వైద్యం చేసే ఒకాయన క్లారిత్రోమైసిన్ ఇచ్చారు. మార్పిడి అయిందని వాడు చెప్పాడు కూడా. "యాంటీబయాటికే కదా, ఏం కాదు" అన్నారట. నాలుగు రోజులకి టీ గ్లాసు పట్టుకుంటే చేయి వణికి టీ ఒలికింది. చొక్కా గుండీ పెట్టుకోలేకపోయాడు. విశాఖలో చూస్తే టాక్రోలిమస్ లెవెల్ ఉండాల్సినదానికి రెట్టింపు దాటింది, కిడ్నీ ఎలా పనిచేస్తోందో రక్తంలో చూసే క్రియాటినిన్ కూడా పెరిగింది. ఆ యాంటీబయాటిక్ టాక్రోలిమస్‌ను లివర్‌లో కరగనివ్వదు, ఒంట్లోనే పోగుపడేలా చేస్తుంది. ఫంగస్ జబ్బులకిచ్చే ఫ్లుకోనజోల్ చేసేదీ అదే. మన పెరళ్లలో కాసే పంపర పనస తిన్నా లెవెల్ పెరుగుతుంది.

టీబీ మందు రిఫాంపిసిన్ ఇందుకు పూర్తిగా ఎదురు. టాక్రోలిమస్‌ను గబగబా కరిగించేసి లెవెల్‌ను అట్టడుక్కి దించేస్తుంది. మార్పిడి అయినవాళ్లకి టీబీ వచ్చే అవకాశం మామూలు వాళ్లకంటే ఎక్కువ. మన దగ్గర టీబీకి రోజూ ఇచ్చే మాత్రల్లోనే రిఫాంపిసిన్ ఉంటుంది. కిడ్నీ డాక్టర్‌తో మాట్లాడకుండా ఆ కోర్సు మొదలుపెడితే టీబీ తగ్గేలోగా కిడ్నీ పోవచ్చు. జీడి, కొబ్బరి తోటల్లో పనిచేసి నడుం నొప్పి అంటే డైక్లోఫెనాక్ ఇవ్వడం ఇక్కడ మామూలు. రెండు కిడ్నీలూ బాగున్నవాళ్లకే అది అదేపనిగా వాడితే మంచిది కాదు, మార్పిడి అయినవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి కంపెనీల మార్పు. మా వాడు వేసుకునే టాక్రోలిమస్ కాప్సూల్ స్టాకు లేదని ఒక షాపులో వేరే కంపెనీది ఇచ్చారు. పేరు అదే, మిల్లీగ్రాములూ అవే. నేను స్ట్రిప్పు వెనక చదివితే అది రోజుకి ఒక్కసారే వేసుకునే రకం. మా వాడిది రెండు పూటలా వేసుకునేది. చదవకపోతే ఏమయ్యేదో! అంగన్‌వాడీలో పాలపొడి ప్యాకెట్టు మీద తేదీ చూడకుండా పిల్లలకి పోయను, ఆ అలవాటే ఇక్కడ అక్కరకొచ్చింది. చదువు రాని తల్లి సంగతేమిటి? ఒకే రకంలో కంపెనీ మార్చినా డాక్టర్‌కి చెప్పి, లెవెల్ మళ్లీ చూపించుకోవాలి. కిడ్నీని ఒళ్లు తోసెయ్యడం మొదలైనా మొదట్లో నొప్పి ఉండదు, వాపు ఉండదు, ఒంటేలు మామూలుగానే వస్తుంది. క్రియాటినిన్ పెరిగితేనే తెలుస్తుంది. అందుకే "ఒంట్లో బాగానే ఉందిగా" అని మాత్రలు తగ్గించుకునేవాళ్లని చూస్తే నాకు గుండె జారిపోతుంది. డబ్బుల్లేక తగ్గించుకునేవాళ్లే ఎక్కువ. డయాలసిస్ వాళ్లతోపాటు మార్పిడి అయినవాళ్లకీ ప్రభుత్వం పింఛను 10,000 చేసింది, దానికి కృతజ్ఞతలు. మా వాడిది చాలావరకు మందులకీ విశాఖ ఖర్చులకే పోతుంది.

పోలియో చుక్కలు వేసే చేతులు నావి. అయినా మా మనవరాలికి చుక్కలు వద్దని, పోలియో ఇంజెక్షనే వేయించమని డాక్టర్ చెప్పారు. చుక్కల్లో ఉండేది బతికున్న వైరస్, పిల్ల విరేచనం ద్వారా తండ్రికి చేరవచ్చు. చుక్కలు మంచివి, అందరూ వేయించుకోవాలి. ఇంట్లో మార్పిడి అయినవాళ్లుంటే మాత్రం ముందు అడగాలి. కిడ్నీ మార్పిడి అయిన ఆడపిల్లలకి పెళ్లి చేస్తున్నవాళ్లకి ఇంకో మాట: మైకోఫెనొలేట్ వాడుతుండగా గర్భం వస్తే బిడ్డకి అవయవ లోపాలు రావచ్చు, గర్భం పోవచ్చు. పిల్లలు కావాలనుకుంటే ముందే డాక్టర్ దగ్గర మందు మార్పించుకోవాలి. ఇది అత్తగారికి, మొగుడికి కూడా తెలియాలి. తెలియక ఆ పిల్లని నిందిస్తారు.

ప్రభుత్వాన్ని నేను కోరేది పెద్దదేం కాదు. ప్రతి రోగికీ ఎప్పుడూ ఒకే కంపెనీ మాత్రలు, రెండు మూడు నెలలకి సరిపడా ఒకేసారి, పలాసలోనే ఇవ్వాలి. టాక్రోలిమస్ లెవెల్‌కి రక్తం ఇక్కడే సరైన టైముకి తీసి విశాఖ పంపాలి, రిపోర్టు ఫోనుకి రావాలి. సగం నిద్రతో మనిషి వెళ్లక్కర్లేదు, గొట్టం వెళ్తే చాలు. మార్పిడి అయినవాళ్లందరికీ తెలుగులో ఒక కార్డు ఇచ్చి, ఏ మందులు అడగకుండా ఇవ్వకూడదో దాని మీద అచ్చు వేయాలి. మండలంలోని మెడికల్ షాపులకి, ఆరెంపీలకి, ఆశా కార్యకర్తలకి, మాకు ఆ జాబితా మీద ఒక పూట శిక్షణ పెట్టాలి. టీబీ సిబ్బందికి ముందు పెట్టాలి.

మీ సోంపేట, పలాస విలేకరులు మార్పిడి అయిన నాలుగిళ్లకి వెళ్లి, ఈ నెల మాత్రలు ఎక్కడ కొన్నారు, ఎన్ని పూటలు ఎగ్గొట్టారు, ఆఖరిసారి లెవెల్ ఎప్పుడు చూపించుకున్నారు అని అడిగి రాయమని కోరుతున్నాను. మా ఇంటికి వస్తే మా వాడి రిపోర్టులన్నీ తేదీల వారీగా ఫైల్లో ఉన్నాయి, చూపిస్తాను.

ఇట్లు,
ఒక అంగన్‌వాడీ కార్యకర్త,
సోంపేట మండలం, శ్రీకాకుళం జిల్లా
(నా పేరు ప్రచురించవద్దని మనవి)