సింగలీలా కుక్కలకి టీకాలు వేయించండి మంత్రి గారూ

పశ్చిమ బెంగాల్ అటవీ శాఖ మంత్రి గారికి నమస్కారం,

మాది హైదరాబాద్, మీ ఓటర్ని కాదు, అయినా రాస్తున్నా, ఎందుకంటే డార్జిలింగ్ జూకి పెట్టింది మా ఊళ్ళో పుట్టిన పద్మజా నాయుడు గారి పేరే, ఆ మాత్రం చనువు ఉంటుంది కదండీ. ఆ జూలో పుట్టిన రెడ్ పాండాల్ని, అంటే పిల్లికన్నా కాస్త పెద్దగా ఉండే ఎర్ర బొచ్చు జంతువుల్ని, డార్జిలింగ్ దగ్గరి సింగలీలా నేషనల్ పార్క్ అడవిలో వదలడం 2003లోనే మొదలైంది, అప్పుడు వదిలిన రెండు ఆడవాటిలో ఒకదాన్ని చిరుత తినేసింది, ఇంకోటి అడవిలోనే ఈనింది. చిరుత తింటే అది అడవి లెక్క, ఎవరం ఏం చేయలేం. కుక్కల సంగతి అలా కాదు.

సందక్‌ఫూ శిఖరానికి వెళ్ళే ట్రెక్ దారి ఆ పార్క్‌లోంచే పోతుంది. మేం ట్రెక్కర్లం పారేసే మ్యాగీ, బిస్కెట్లు తిని కుక్కలు బతుకుతాయి, మా వెనకే అడవిలోకి వస్తాయి, ఫోటోలకి ముద్దుగానే ఉంటాయి, కానీ వాటి నుంచి డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు అంటుకుందంటే రెడ్ పాండా బతకడం చాలా కష్టం. పాండాలకే టీకా వేస్తే పోలా అంటారేమో, కుక్కలకి వేసే లైవ్ వ్యాక్సిన్ (బలహీనం చేసిన బతికున్న వైరస్‌తో చేసేది) వేస్తే దానివల్లే డిస్టెంపర్ వచ్చి జూలలో రెడ్ పాండాలు చచ్చిపోయిన కేసులున్నాయి, పైగా పగలంతా చెట్టెక్కి పడుకునేదాన్ని పట్టుకునేదెవరు?

అసలే దాని బతుకు అంతంతమాత్రం. పేగులేమో మాంసం తినే జంతువువి, తినేదేమో వెదురాకు, అందులో చాలావరకు అరగదు, అందుకే గంటలకి గంటలు తింటూనే ఉండాలి. ఈత ఏడాదికి ఒక్కటే, జూన్, జులైల్లో, పిల్లలు ఒకటో రెండో, మహా అయితే నాలుగు, అవి చెట్టు తొర్రలోంచి బయటికి రావడానికే మూడు నెలలు పడుతుంది. ప్రపంచం మొత్తంలో పదివేలకి మించి లేవని అంచనా. వానాకాలంలో పార్క్ మూసేస్తున్నారు, మంచిదే, కానీ గేటు మాకే కదండీ, కుక్కలకి కాదు.

అడిగేది ఒక్కటే. పశుసంవర్ధక శాఖతో కలిసి పార్క్ చుట్టూ ఊళ్ళలో, దారిలో ఉన్న హోమ్‌స్టేల్లో ఉండే కుక్కలన్నిటికీ ఏటా డిస్టెంపర్, రేబిస్ టీకాలు వేయించండి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు కూడా చేయించండి. ఆ దారి తుమ్లింగ్ దగ్గర నేపాల్లోకి వెళ్ళి మళ్ళీ మన వైపుకి వస్తుంది కాబట్టి అక్కడి ఇలాం జిల్లా అధికారుల్ని కూడా కలుపుకోకపోతే సగం పనే అయినట్టు. చెత్త డబ్బాలకి మూతలుండాలి, ఆ చెత్తని కింద ట్రెక్ మొదలయ్యే మానేభంజంగ్‌కి దించే ఖర్చు మా ట్రెక్కర్ల ఫీజులోనే కలిపేయండి, కడతాం. మొదటి రౌండ్ మాత్రం జూన్ లోపే అయిపోవాలి.

ఇట్లు,
ఒక ట్రెక్కర్, హైదరాబాద్