‘ఆడవాళ్ల కార్లు’ బోర్డు తీసేశాం

మా దగ్గర కారు కొన్నవారికీ, కొనడానికి చూస్తున్నవారికీ నమస్కారం.

పోయిన వారం మా షాపు ముందు నుంచి ‘ఆడవాళ్లకు అనువైన కార్లు’ అన్న బోర్డు తీసేశాం. నాన్నగారి నుంచి ఈ పాత కార్ల వ్యాపారం నా చేతికి వచ్చాక నేనే రాయించిన బోర్డు అది. ఆడమనిషి నడిపే షాపు కదా, ఆడవాళ్లు ధైర్యంగా వస్తారనుకున్నాను. వచ్చారు కూడా. అయితే వచ్చినవాళ్లకు ఏం కావాలో అడగడం మానేసి, వాళ్ల వయసు చూసి నేనే బండి చూపించడం అలవాటు చేసుకున్నాను.

మా విశాఖపట్నంలోనే సీతమ్మధారలో ఒంటరిగా ఉండే ఒక లెక్చరరుగారు రిటైరయ్యాక కారు కోసం వచ్చారు. అరవై దాటాయి, పెళ్లి చేసుకోలేదు. షాపులో ఉన్న నెక్సాన్ చుట్టూ రెండుసార్లు తిరిగారు. “మీ ఒక్కరికీ అంత బండి ఎందుకండీ, చిన్నదైతే సులువుగా తిప్పుకోవచ్చు” అని చెప్పి ఆల్టో ఇప్పించాను. నాలుగు నెలల తర్వాత ఆమె అదే కారులో వచ్చారు. తలుపు తీసి రెండు కాళ్లూ కింద పెట్టారు. ఎడమ చేత్తో సీటు అంచును నొక్కి, కుడి చేత్తో తలుపు పట్టుకుని లేవబోయి మళ్లీ కూర్చుండిపోయారు. మూడోసారికి లేచారు. “మోకాళ్ల సంగతి నేను చెప్పలేదమ్మా, నువ్వు అడగనూ లేదు” అన్నారు.

ఆమె చూసింది నెక్సాన్ సైజు కాదు, సీటు ఎత్తు. అమ్మిన ధరకే ఆల్టో వెనక్కి తీసుకున్నాం. ఈసారి నేను నోరు మెదపలేదు. మూడు బళ్లలో ఎక్కి దిగి, ఎక్కి దిగి, చివరికి ఆమె వ్యాగన్ ఆర్ తీసుకున్నారు. అదీ చిన్న కారే. సీటు మాత్రం నడుము ఎత్తులో ఉంటుంది, కిందికి కూలబడనక్కర్లేదు, పైకి ఎగబాకనక్కర్లేదు.

ఆ తర్వాత మా పాత పుస్తకాలు తీసి, ఒంటరి ఆడవాళ్లు మా దగ్గర ఏయే బళ్లు కొన్నారో చూశాను. రుషికొండ కంపెనీల్లో కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇరవై ఏళ్ల పిల్లలు క్విడ్, టియాగో, స్విఫ్ట్ ఎక్కువగా తీసుకున్నారు. గేర్ల బండే కావాలంటారు, డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకున్నది దాని మీదే కాబట్టి. పక్కన అన్నో నాన్నో వస్తే మా వాళ్లు వాళ్లతోనే మాట్లాడేవారు. కిస్తీ కట్టేది, రోజూ నడిపేది ఆ అమ్మాయి. ఆమెతో మాట్లాడకపోవడం తప్పు. ఈ వయసు పిల్లలకు చెప్పవలసిన ముఖ్యమైన విషయం ఒకటుంది. కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్, అంటే గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్‌లో, డ్రైవరు వైపు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది అదే ఏడాది జూలైలో. అంతకు ముందువి, ముఖ్యంగా తక్కువ ధర మోడళ్లు కొంటే ఈ రెండూ ఉండకపోవచ్చు. ఇకనుంచి ప్రతి బండి అద్దం మీద ఎయిర్‌బ్యాగులు ఎన్ని ఉన్నాయో రాసి పెడుతున్నాం.

బిడ్డను ఒంటరిగా పెంచుకుంటున్న ముప్పై, ముప్పై అయిదేళ్ల తల్లులు ముందు చూసేది వెనక సీటు. పిల్లల సీటు బిగించే కొక్కేలు ఉన్నాయా, డిక్కీలో చిన్న సైకిలు పడుతుందా అని అడుగుతారు. పంచ్, నెక్సాన్ వైపు మొగ్గుతారు. కార్లను గుద్దించి భద్రత తేల్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో అయిదు నక్షత్రాలు తెచ్చుకున్న తొలి భారతీయ కారు నెక్సాన్, అది 2018లో. కానీ ఆ నక్షత్రాలు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బండివి. యాక్సిడెంటయి, పైకప్పును మోసే స్తంభం వంగితే దాన్ని సాగదీసి రంగు పూసిన బండికి వాటిని ఆపాదించి అమ్మడం మోసం. అలాంటివి మేం కొనం.

నలభైల్లో ఉన్నవాళ్లు, ముఖ్యంగా రాత్రి డ్యూటీ దిగి గాజువాక దాటి వెళ్లే నర్సులు, మోడల్ పేరు పెద్దగా పట్టించుకోరు. దారిలో ఆగని బండి కావాలంటారు. నాదీ ఆ వయసే, ఆ మాట నాకు బాగా అర్థమవుతుంది. వాళ్ల బళ్లకు బ్యాటరీ, టైర్లు, హెడ్‌లైట్లు చూశాకే తాళం ఇస్తాం.

యాభై దాటాక మొదటిసారి స్టీరింగ్ పట్టేవాళ్లు ఏఎంటీ అడుగుతున్నారు. మంచిదే, అయితే ఇది ఎత్తుపల్లాల ఊరు. ఏఎంటీ అంటే లోపల మామూలు గేర్‌బాక్సే, క్లచ్ పని, గేరు మార్చే పని మాత్రం యంత్రం చేస్తుంది. సింహాచలం ఘాట్‌లోనో, కైలాసగిరి ఎక్కుతూనో ట్రాఫిక్‌లో ఆగినప్పుడు బ్రేకు వదలగానే కొన్ని బళ్లు కాస్త వెనక్కి జారతాయి. యాక్సిలరేటర్ తొక్కి నిలబెట్టాలని చూస్తే క్లచ్ కాలుతుంది. బ్రేకు మీదే ఆపాలి, కదిలేటప్పుడు హ్యాండ్‌బ్రేక్ వాడాలి. ఇది చెప్పకుండా నేను కొన్ని బళ్లు అమ్మాను. వాళ్లందరికీ ఫోను చేస్తున్నాను. వస్తే ఎత్తు మీద మా మెకానిక్ దగ్గరుండి నేర్పిస్తాడు, డబ్బు తీసుకోం.

ఏ వయసువారైనా బీచ్ రోడ్డు, భీమిలి వైపు తిరిగిన బండి అయితే అడుగుభాగం చూపించమనండి. ఉప్పుగాలికి ముందు తినేసేది అక్కడే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది కదా, అంతకు ముందు కొన్న బండి అయితే నీట మునిగిన గుర్తులేమైనా ఉన్నాయేమో కార్పెట్ ఎత్తి చూడండి. మేమే ఎత్తి చూపిస్తాం.

ఇప్పుడు అన్నిటికంటే కష్టమైన మాట. ఒంటరిగా వచ్చిన ఆడవాళ్లకు మా షాపులోనే ఒకతను పదిహేను, ఇరవై వేలు ఎక్కువ చెబుతున్నాడని ఈ మధ్య తెలిసింది. అతన్ని పంపించేశాను. కానీ షాపు నాది, గమనించవలసింది నేను. ఇప్పుడు ప్రతి బండి ధర అద్దం మీదే ఉంటుంది, ఎవరు వచ్చినా అదే. ట్రయల్‌కు గంట సమయం ఇస్తాం, అందులో ఒక ఎత్తు తప్పక ఉంటుంది. మీ ఫోను నంబరు, ఇంటి చిరునామా బండి అమ్మేవారికి గానీ బ్రోకర్లకు గానీ ఇవ్వం.

అతని చేతుల మీదుగా కొన్నవాళ్లలో ఎక్కువ కట్టినవారిని లెక్క తేల్చి పిలుస్తున్నాం. ఇద్దరికి ఇంకా ఫోను కలవలేదు. రసీదు తీసుకుని రండి, అది పోయినా ఫరవాలేదు, బండి నంబరు చెబితే చాలు. తేడా డబ్బు అక్కడికక్కడే ఇస్తాను.