డోర్ నంబరుతో సహా చెప్పాల్సిందేనా?

సంపాదకులు గారికి,

నేను మేజిస్ట్రేట్ కోర్టులో స్టెనోగా చేసి రిటైరయ్యాను. సాక్షి బోనెక్కగానే వాంగ్మూలం కాగితం పైభాగం నింపాలి: పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు, వృత్తి, నివాసం. అన్నీ సాక్షి నోటితోనే చెప్పిస్తారు. నిందితుడు అక్కడే నిలబడి వింటుంటాడు.

భర్త దెబ్బలు పడలేక, అతనికి తెలియని చోట గది తీసుకున్న ఒకావిడను "ఇప్పుడెక్కడ ఉంటున్నారమ్మా?" అని అడిగారు. ఆవిడ అతని వైపు చూసి ఊరుకుంది. మళ్లీ అడిగితే చెప్పింది. నేను టైపు చేశాను. ఇందులో ఎవరికీ దురుద్దేశం లేదు, ఫారంలో ఆ గడి ఉంది.

అత్యాచార బాధితుల పేరు బయటపెడితే రెండేళ్ల వరకు జైలు. 1983లో ఐపీసీలో చేరిన ఈ నిబంధన ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్. ఆనవాలు పట్టించే ఏ వివరమూ రాకూడదని 2018లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మరి కొట్టాడనో చంపుతానన్నాడనో కేసు పెట్టినవాళ్ల సంగతేమిటి? 2016 నాటి సుప్రీంకోర్టు ఆదేశం ప్రకారం, సున్నితమైన కేసులు తప్ప ఎఫ్‌ఐఆర్‌లన్నీ వెబ్‌సైట్‌లో పెట్టాలి. అందులో ఫిర్యాదుదారు చిరునామా ఉంటుంది. తర్వాత చార్జిషీటు కాపీ నిందితుడికి అందుతుంది. అందులో సాక్షుల జాబితా ఉంటుంది.

సాక్షుల రక్షణ పథకం ఉంది కదా అంటారు. దానికి దరఖాస్తు పెట్టుకోవాలి, ప్రమాదం ఎంతో పోలీసు అధికారి నివేదిక ఇవ్వాలి. ఈలోగా చిరునామా చేరాల్సినవాడికి చేరిపోతుంది.

తన మీద సాక్ష్యం చెబుతున్నదెవరో తెలుసుకునే హక్కు నిందితుడికి ఉందని వకీళ్లంటారు. నిజమే. క్రాస్ ఎగ్జామినేషన్ ఎంతసేపైనా చేసుకోనివ్వండి. దానికి ఆవిడ కొత్త ఇంటి నంబరెందుకు? సమన్లు ఎలాగూ కానిస్టేబులే తీసుకెళ్తాడు. కాగితాల్లో స్టేషన్ చిరునామా రాసి, అసలుది సీల్డు కవరులో జడ్జి దగ్గర ఉంచితే సరిపోతుంది. నిజంగా అవసరముందనే వకీలు పిటిషన్ వేసుకుంటాడు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం 1991లోనే బాధితులకు బదులు చిరునామా ఇచ్చి, ఉత్తరాలు అక్కడి నుంచి పంపే ఏర్పాటు చేసింది. నేనడుగుతున్నది అంతకంటే చిన్నది.

దీనికి కొత్త చట్టం దాకా ఆగనక్కర్లేదు. కింది కోర్టుల ఫారాలు నిర్ణయించే అధికారం రాజ్యాంగం 227వ అధికరణ కింద హైకోర్టుకే ఉంది. వెబ్‌సైట్‌లో పెట్టే ఎఫ్‌ఐఆర్‌లో చిరునామా కనపడకుండా చేసే ఏర్పాటు గురించి కూడా హైకోర్టే పోలీసు శాఖను అడగాలని కోరుతున్నాను.

— ఒక రిటైర్డ్ కోర్టు స్టెనో